అన్నయ్య మారకపోతే నా మనసు కుదుటపడదా?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. మూడేళ్ల క్రితం అమ్మకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. నాన్న లేరు. అప్పటి నుంచి అమ్మ మా ఇంట్లోనే ఉంటోంది. ఇంటి నుంచే ఉద్యోగం చేసుకుంటూ ఆమెను చూసుకుంటున్నాను. అన్నయ్య దూరంగా వేరే ఊళ్లో ఉంటాడు. ప్రతి ఆదివారం వీడియో కాల్ చేసి అయిదు నిమిషాలు మాట్లాడతాడు. చివర్లో ‘అమ్మను జాగ్రత్తగా చూసుకో’ అని పెట్టేస్తాడు. ఆ మాట వింటే ఒళ్లు మండిపోతుంది. ఇక ఆ రోజంతా మనసులోనే అన్నయ్యతో గొడవ పడుతూ ఉంటాను. పోయిన వారం ఓ రాత్రి అమ్మ మూడోసారి లేపింది. పక్క తడిసింది. దుప్పటి మారుస్తూ ‘నన్ను చంపుకు తింటున్నావు’ అని అరిచేశాను. అమ్మకు మాట సరిగా రాదు. కళ్లనీళ్లు పెట్టుకుంది. అప్పటి నుంచి నా మీద నాకే అసహ్యంగా ఉంది. ఒక స్నేహితురాలు రేషనల్ ఎమోటివ్ థెరపీ గురించి వీడియో పంపింది. మనల్ని బాధపెట్టేది జరిగిన విషయం కాదు, మన ఆలోచనేనని అందులో చెప్పారు. అంటే తప్పంతా నాదేనా? ‘పర్వాలేదు, పర్వాలేదు’ అని రోజూ అనుకుంటూనే ఉన్నాను. ఏమీ తగ్గలేదు. అన్నయ్య మారకుండా నాకు ప్రశాంతత వస్తుందా?

సమాధానం: మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది ‘తప్పంతా నాదేనా’ అన్న ప్రశ్న. కాదండీ. మీ అన్నయ్య బాధ్యత పంచుకోవడం లేదు. అది మీ ఊహ కాదు, నిజం. మూడేళ్లుగా మీకు కంటి నిండా నిద్ర లేదు, అదీ నిజమే. ఈ థెరపీ ఆ నిజాలను కాదనదు. కాకపోతే ఆ వీడియోలో మీ చెవిన పడింది సగం మాట. కష్టంలో ఉన్న మనిషికి ఆ సగం మాట చెబితే పుండు మీద కారం చల్లినట్టే ఉంటుంది. మిగతా సగం చెబుతాను.

ఈ పద్ధతిని మొదలుపెట్టింది ఆల్బర్ట్ ఎల్లిస్ (1913-2007) అనే అమెరికన్ సైకాలజిస్ట్. ఆయన మొదట్లో ఫ్రాయిడ్ దారిలోనే వైద్యం చేసేవారు. చిన్ననాటి సంగతులను ఏళ్ల తరబడి తవ్వుకున్నా ఇవాళ్టి బాధ తీరనివాళ్లను చూసి చూసి ఆ దారి వదిలేశారు. 1955లో తన సొంత పద్ధతి మొదలుపెట్టారు. తర్వాత దానికి రేషనల్ ఎమోటివ్ థెరపీ అన్న పేరు స్థిరపడింది. 1993లో ఆయనే ఆ పేరులో ‘బిహేవియర్’ అన్న మాట కూడా చేర్చారు. ఆలోచన ఒక్కటి మారితే చాలదు, చేసే పని కూడా మారాలన్నది ఆయన నమ్మకం. మీరు విన్న వాక్యానికి మూలం ఇంకా పాతది. మనుషులను కలతపెట్టేవి జరిగే విషయాలు కావు, వాటి గురించి వాళ్లు ఏర్పరచుకున్న అభిప్రాయాలేనని దాదాపు రెండు వేల ఏళ్ల క్రితం ఎపిక్టెటస్ అన్నారు. ఆయన రోమ్‌లో బానిసగా బతికిన తత్వవేత్త. ఎల్లిస్ సంగతి చూస్తే, చిన్నతనంలో కిడ్నీ జబ్బుతో నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నారు. కన్నవాళ్లు వచ్చి చూసింది చాలా తక్కువ. అయినవాళ్లు పట్టించుకోకపోతే ఎలా ఉంటుందో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ ఆలోచన సుఖంగా కూర్చున్నవాళ్లు కష్టపడేవాళ్లకు చెప్పిన నీతి కాదు.

ఆయన దీన్ని ఎ, బి, సి అనే మూడు ఇంగ్లిష్ అక్షరాలతో చెప్పేవారు. ఎ అంటే జరిగింది. సి అంటే దాని తర్వాత మనకు కలిగిన కోపం, ఏడుపు, నిద్రలేమి లాంటివి. ఎ వల్లే సి వచ్చిందని అందరం అనుకుంటాం. కానీ వాటి మధ్యలో బి ఉంటుంది. జరిగినదాని గురించి మనలో మనం అనుకునే మాట అది. ఎ పాత్ర ఏమీ లేదని ఎల్లిస్ అనలేదు. ఎ, బి రెండూ కలిస్తేనే సి వస్తుందన్నారు. ఎ మన చేతిలో లేనప్పుడు బి దగ్గర మనం చేయగలిగింది కొంత ఉంటుంది. తప్పు ఎవరిదని తేల్చడానికి కాదు ఈ లెక్క. చెయ్యి పెట్టడానికి ఎక్కడ సందుందో వెతకడానికి.

మీ ఆదివారాన్నే తీసుకుందాం. అన్నయ్య ‘జాగ్రత్తగా చూసుకో’ అన్నాడు, ఫోన్ పెట్టేశాడు. అది ఎ. రాత్రి దాకా మీ ఒళ్లు మండుతూనే ఉంది. అది సి. ఈ రెంటికీ మధ్య మీరు ఏమనుకుని ఉంటారు? నాకు రెండు మాటలు వినిపిస్తున్నాయి. మొదటిది: ‘అన్నయ్య కూడా ఓ చెయ్యి వేస్తే ఎంత బాగుండేది!’ ఇందులో తప్పేముంది? అడిగిన ప్రతివాళ్లూ న్యాయమే అంటారు. మీరు ఈ మాట దగ్గరే ఆగి ఉంటే బాధ కలుగుతుంది, నిరాశ కలుగుతుంది, చిరాకూ వస్తుంది. కానీ గంటకో రెండు గంటలకో పనిలో పడతారు. రెండో మాట దాని వెనకే, చప్పుడు చేయకుండా వస్తుంది: ‘అన్నయ్య చెయ్యి వేసి తీరాలి. వేయకుండా ఉండటానికి వీల్లేదు. ఉన్నాడంటే అసలు మనిషేనా?’ మిమ్మల్ని రాత్రి దాకా కాల్చేది ఇదీ.

ఎల్లిస్ చెప్పినదాంట్లో అసలు విషయం ఇక్కడే ఉంది. కోరిక ఒకటి, పట్టు ఒకటి. ఎంత బలమైన కోరికైనా దాని వల్ల మనిషి పాడవడు. అది తీరకపోతే దుఃఖం వస్తుంది, ఆ దుఃఖం ఆరోగ్యమైనదే. కోరిక ఎప్పుడు ‘ఇలా జరిగే తీరాలి’ అన్న పట్టుగా మారుతుందో అప్పుడు కోపం క్రోధమవుతుంది, దుఃఖం కుంగుబాటవుతుంది, జాగ్రత్త టెన్షన్ అవుతుంది. మనుషులు పట్టే పట్టులన్నీ దాదాపు మూడు రకాలేనని ఆయన అనేవారు: నేను బాగా చేసి తీరాలి, ఎదుటివాళ్లు నాతో న్యాయంగా ఉండి తీరాలి, బతుకు నాకు ఇంత కష్టంగా ఉండకూడదు. మీ ఉత్తరంలో మూడూ ఉన్నాయి. మీలో ఏదో లోపం ఉందని కాదు. మీరున్న చోట ఎవరున్నా ఆ మూడూ వస్తాయి.

‘పర్వాలేదు’ అనుకుంటే ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు తెలుస్తుంది. అది అబద్ధం కాబట్టి. మీకు పర్వా ఉంది, చాలా ఉంది. అమ్మ అంటే ప్రాణం, అన్నయ్య తోడు కావాలన్న ఆశ కూడా ఇంకా చావలేదు. లేనిదాన్ని ఉన్నట్టు, ఉన్నదాన్ని లేనట్టు చెప్పుకుంటే మనసు నమ్మదు. నమ్మకపోగా ‘ఇదీ నాకు చేతకాలేదే’ అని ఇంకో బాధ మీద పడుతుంది. అన్నీ మంచికే అని సర్దిచెప్పుకోవడానికీ ఈ పద్ధతికీ సంబంధం లేదు. ఇది అడిగేది నిజం మాట్లాడమని. ‘పర్వాలేదు’ తీసేసి ఈ మాట పెట్టుకుని చూడండి: ‘అన్నయ్య పంచుకోవాలని నాకు చాలా ఉంది. పంచుకోవడం లేదు. ఇది అన్యాయమే. కానీ నేను కోరినంత మాత్రాన అతను అలా ఉండి తీరాలన్న నియమం ఎక్కడా లేదు. నాకు బాధగా ఉంది. ఈ బాధతోనే ఈ రోజు గడుపుకోగలను.’ చదవగానే హాయిగా అనిపించదు. అనిపించకూడదు కూడా. కానీ ఇందులో ఒక్క అబద్ధం కూడా లేదు.

‘నియమం లేకపోవడమేంటి? కన్నతల్లిని చూసుకోవడం ధర్మం కాదా?’ అని మీరు అడగవచ్చు. ధర్మమే. నేనూ అదే అంటాను. కానీ ధర్మం అయినంత మాత్రాన మనిషి దాన్ని పాటిస్తాడని లేదు. పాటించేటట్టయితే మూడేళ్లుగా పాటిస్తూ ఉండేవాడు. అతను ఇప్పుడు ఎలా ఉన్నాడో అలా ఉండటానికి కావలసినవన్నీ అక్కడ ఉన్నాయి: దూరం, తన సంసారం, అలవాటు, అడగకుండానే అన్నీ మీరు చేసేస్తుండటం, బహుశా అమ్మను ఆ స్థితిలో చూడలేని పిరికితనం. ఇవి అతన్ని వెనకేసుకు రావడానికి చెప్పడం లేదు. ఉన్నది ఉన్నట్టు చూస్తే ‘ఎలా ఉండగలుగుతున్నాడు?’ అన్న ప్రశ్న ఆగుతుంది. మిమ్మల్ని ఎక్కువ అలసటకు గురిచేసే ప్రశ్న అదే. ఆ పట్టు వల్ల మీకు ఏం దక్కిందో కూడా చూడండి. మీ ఆదివారం పోయింది. ఆ సంగతి అతనికి తెలియను కూడా తెలియదు.

‘భరించలేకపోతున్నాను’ అన్న మాట మీరు రాయలేదు కానీ ప్రతి వాక్యం వెనకా అది ఉంది. ఎల్లిస్ అయితే ‘కష్టంగా ఉందా, భరించలేనిదా?’ అని అడిగి ఉండేవారు. మూడేళ్లు భరించిన మనిషిని ఆ ప్రశ్న అడగడానికి నాకు మనసు రావడం లేదు. ఒక్కటి మాత్రం చెబుతాను. నిద్ర లేకపోవడం ఆలోచన కాదు, ఒంటి అవసరం. ఏ థెరపీ అయినా నిద్రకు బదులు కాలేదు. వారంలో రెండు రాత్రులైనా అమ్మ దగ్గర ఇంకొకరు పడుకునే ఏర్పాటు చూసుకోవడం మీకు ఏ ఆలోచన మార్పుకన్నా ముందు కావాలి. బంధువులైనా సరే, డబ్బిచ్చి పెట్టుకున్న ఆయా అయినా సరే.

ఇక ఆ రాత్రి సంగతి. మీరు దాన్ని రెండు ముక్కల్లో రాసి దాటేశారు. నాకు మాత్రం మీ బాధంతా అక్కడే ఉన్నట్టుంది. పక్క తడిసింది. లేచారు. అమ్మను పక్కకు తిప్పి, కింద ఉన్న దుప్పటి లాగి, పొడిది వేస్తున్నారు. ఆ క్షణంలో మీ లోపల ‘ఇలా జరగకూడదు, ఇంకోసారి జరగకూడదు’ అన్న పట్టు ఉంది. అందుకే అరిచారు. అది మొదటి పొర. ఆ కోపం కొన్ని నిమిషాలే ఉండి ఉంటుంది. వారం తర్వాత కూడా మిమ్మల్ని తినేస్తున్నది రెండో పొర. అరిచినందుకు మీ మీద మీకు పుట్టిన అసహ్యం. ఇలా బాధపడ్డందుకు బాధపడటం, కోప్పడ్డందుకు తనను తాను కోప్పడటం ఎల్లిస్ చాలామందిలో గమనించారు. ముందు ఆ పై పొర తీస్తే తప్ప కింది దాని జోలికి వెళ్లలేమనేవారు.

ఆ పై పొరలో ఏముంది? ‘నేను అరిచాను, అది తప్పు’ అన్నంత వరకు నిజం. దాన్ని నేను కాదనను. అమ్మకు అది గుచ్చుకుంది. కానీ మీరు అక్కడ ఆగలేదు. ‘మంచి కూతురు ఎప్పుడూ అరవకూడదు. నేను అరిచాను. కాబట్టి నేను చెడ్డదాన్ని’ అనే దాకా వెళ్లారు. ఒక పని నుంచి మనిషి మొత్తానికి తీర్పు ఇచ్చేశారు. ఇలా మనిషికి మార్కులు వేయడాన్ని ఎల్లిస్ జీవితాంతం వ్యతిరేకించారు. చేసిన పనిని మంచిదనో చెడ్డదనో తూచవచ్చు, తూచాలి కూడా. మనిషిని తూచడానికి తక్కెడ లేదు. వెయ్యికి పైగా రాత్రులు లేచి పక్క మార్చింది మీరే, ఒక రాత్రి అరిచిందీ మీరే. ఈ రెండూ కలిపి మీకు ఏ మార్కు వేస్తారు? పైగా ఆ వెయ్యి రాత్రులు లేకపోయినా, మిమ్మల్ని మీరు మనిషిగా ఒప్పుకోవడానికి మీరు ఏదీ రుజువు చేయనక్కర్లేదని ఆయన వాదన. షరతులు లేకుండా తనను తాను ఒప్పుకోవడమంటే ఆయన ఉద్దేశం అదే. నాకు ఈ పద్ధతిలో అన్నిటికన్నా విలువైనదిగా తోచేది కూడా ఇదే.

ఇలా అనుకుంటే తప్పును సమర్థించుకున్నట్టు అవుతుందేమోనని భయపడకండి. జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. తనను తాను అసహ్యించుకునే మనిషి తప్పును సరిగా చూడలేదు. కళ్లు తిప్పుకుంటుంది, లేదంటే దానిలోనే మునిగిపోతుంది. అసహ్యం పోయి పశ్చాత్తాపం మిగిలితే చేయాల్సింది కనిపిస్తుంది. అమ్మ దగ్గర కూర్చుని చెయ్యి పట్టుకుని ‘ఆ రాత్రి అలా అరిచాను, తప్పేనమ్మా. అలిసిపోయి ఉన్నాను’ అని చెప్పవచ్చు. మాట సరిగా రాని మనిషికైనా విన్నమాట చాలాసార్లు అర్థమవుతుంది. అర్థం కాకపోయినా చెయ్యి పట్టుకున్నది తెలుస్తుంది. మళ్లీ అలాంటి రాత్రి వస్తే ముందు గది బయటికి వెళ్లి మొహం కడుక్కుని, ఆ తర్వాత వచ్చి దుప్పటి మార్చవచ్చు. అమ్మ తడి పక్క మీద ఇంకో రెండు నిమిషాలు ఉంటే కొంప మునగదు.

ఇదంతా చదివినప్పుడు సరేననిపిస్తుంది, ఆదివారం ఫోన్ మోగగానే ఎగిరిపోతుంది. అది మామూలే. ఏళ్లుగా పడిన అలవాటు ఒక్క ఉత్తరంతో పోదు. అందుకే ఎల్లిస్ తన దగ్గరికి వచ్చినవాళ్లకు ఇంటి పని ఇచ్చేవారు. మీకూ ఒకటి ఇస్తాను. రోజులో ఏదో ఒక వేళ కొద్ది నిమిషాలు కళ్లు మూసుకుని ఆ కాల్‌ను ఊహించుకోండి. స్క్రీన్ మీద అన్నయ్య మొహం, ‘జాగ్రత్తగా చూసుకో’ అన్న మాట. కోపం వస్తుంది, రానివ్వండి. పూర్తిగా వచ్చాక, ఆ బొమ్మను ఏమాత్రం మార్చకుండా, ఆ కోపాన్ని ఉత్త నిరాశగా దించే ప్రయత్నం చేయండి. కాసేపైనా దిగిందనుకోండి, దించడానికి మీలో మీరు ఏమనుకున్నారో కాగితం మీద రాసుకోండి. ఆ మాటే మీ మందు. నేను పైన రాసిచ్చిన వాక్యాలకన్నా మీకు దొరికిన సొంత మాట ఎక్కువ పనిచేస్తుంది. కొన్ని వారాలు రోజూ చేయండి. ఆ మాట గట్టిగా, పైకి వినబడేలా అనుకుంటే ఇంకా మంచిది. గొణుక్కుంటే మనసు పట్టించుకోదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. పట్టు వదలమన్నానంటే అడగడం మానేయమని కాదు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అన్నయ్యను ఫలానా పని చేయమని మీరు ఎప్పుడైనా అడిగినట్టు అందులో ఎక్కడా లేదు. ‘అడిగితే కాదంటాడు’ అన్న భయం ఉండవచ్చు. ఎల్లిస్ యువకుడిగా ఉన్నప్పుడు ఆడవాళ్లతో మాట్లాడాలంటే ఆయనకు విపరీతమైన బెరుకు. 19 ఏళ్ల వయసులో ఆ భయం పోగొట్టుకోవాలని న్యూయార్క్‌లోని బ్రాంక్స్ బొటానికల్ గార్డెన్‌కు నెల రోజులు వెళ్లి, బెంచీల మీద ఒంటరిగా కూర్చున్న ఆడవాళ్లను పలకరించారు. వందమందికి పైగా. ఒక్కరు మాత్రం మళ్లీ కలుస్తానన్నారు, ఆవిడా రాలేదు. కానీ కాదనిపించుకుంటే ఏమీ కాదని ఆయన అనుభవం మీద తెలుసుకున్నారు, బెరుకు పోయింది. మీరు అన్నయ్యను అడిగినప్పుడు కాదంటే బాధ కలుగుతుంది. కానీ ఇప్పటికన్నా పరిస్థితి దిగజారేదేమీ ఉండదు.

అడిగేటప్పుడు ‘నీకు అమ్మంటే లెక్క లేదు’ అని మొదలుపెట్టకండి. అది తీర్పు, దాని మీద వాదన తప్ప ఇంకేమీ జరగదు. ఆదివారం కాల్‌లో కాకుండా, అమ్మ పక్కన లేని వేళ చూసి మీరే ఫోన్ చేయండి. ‘అన్నయ్యా, మూడేళ్లుగా రాత్రిళ్లు నిద్ర లేదు. నా ఆరోగ్యం దెబ్బతింటోంది. రాత్రిపూట ఒక మనిషిని పెడదామనుకుంటున్నాను. దానికయ్యే ఖర్చు నువ్వు పెట్టుకోవాలి. మూడు నెలలకోసారి వచ్చి వారం రోజులు అమ్మ దగ్గర ఉండాలి. ఏది కుదురుతుందో శనివారం లోపు చెప్పు’ అనండి. మీ కోపం పూర్తిగా చల్లారేదాకా ఆగనక్కర్లేదు. గొంతు కాస్త వణికినా ఫర్వాలేదు. ఒప్పుకుంటే మంచిదే. కాదంటే, అది తెలిసిన నిజంగా పెట్టుకుని వేరే దారులు వెతుక్కోండి: బంధువుల్లో ఎవరినైనా అడగడం, మీ ఇంట్లో మిగతావాళ్లకు పనులు పంచడం, ఆఫీసులో కొన్నాళ్లు పని తగ్గించమని అడగడం.

అన్నయ్య మారకుండా ప్రశాంతత వస్తుందా అన్నారు. రోజంతా కాలిపోవడం తగ్గుతుంది, అది నమ్మకంగా చెప్పగలను. వెలితి మాత్రం ఉంటుంది. తోడబుట్టినవాడు తోడు లేకపోతే వెలితి ఉండటమే సహజం. దాన్ని చెరిపేయాలని పంతం పట్టకండి.

చివరగా ఒక జాగ్రత్త. ఒళ్లంతా నీరసం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, ఉత్తినే ఏడుపు రావడం రెండు వారాలకు మించి ఉంటే, లేదా చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఈ ఉత్తరంతో సరిపెట్టుకోకండి. చావు ఆలోచన వస్తే ఆలస్యం చేయకుండా అదే రోజు ఎవరికైనా చెప్పి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అమ్మ మీద చేయి చేసుకుంటానేమో అన్న భయం వేసినా అంతే. అవేవీ లేకపోయినా ఒకసారి మామూలు చెకప్ చేయించుకుని, వీలైతే సైకాలజిస్ట్‌తో ముఖాముఖి మాట్లాడండి. ఈ పద్ధతి మనిషి ఎదురుగా ఉండి ప్రశ్నలు వేస్తే ఇంకా బాగా పనిచేస్తుంది. మీరు అలా వెళ్లే రోజుల్లో అమ్మ దగ్గర ఎవరుండాలన్నదే అన్నయ్యను అడగబోయే పనుల్లో మొదటిది చేసుకోండి.